తారుమారైన అరవై నాలుగు కళ్ళజోళ్ళు

మా సేవా క్లబ్బు గది నాచారంలో ఒక పిండి గిర్నీ మీద ఉంది. కింద గిర్నీ నడుస్తున్నంతసేపూ పైన మా కుర్చీలు సన్నగా వణుకుతూ ఉంటాయి. గోధుమలు పట్టే రోజైతే ఏం కాదు. మిరపకాయలు పట్టే రోజున మాత్రం అజెండాలోని అంశాలన్నీ తుమ్ముల మధ్యే ఆమోదం పొందుతాయి. గిర్నీ యజమాని మా సభ్యుడే. గది ఊరికే ఇచ్చాడు కనుక ఎవరమూ ఏమీ అనం. తలా ఒక చేతిరుమాలు తెచ్చుకుంటాం.

నేను ఈ క్లబ్బులో చేరి ఆరేళ్ళు దాటింది. పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ని. ఏ డబ్బాలో ఏ మాత్ర ఉంది, దాని మీద అంటించిన లేబుల్ దానిదేనా కాదా అని చూడటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. నా చేతి కింద ఒక్క లేబుల్ కూడా తప్పు పడలేదని కంపెనీలో నాకు పేరుంది. ఆ సంగతి ఒకసారి క్లబ్బులో గొప్పగా చెప్పుకున్నాను. దాంతో నన్ను కార్యదర్శిని చేశారు. నెలకోసారి నాలుగు పేజీల బులెటిన్ రాసే పని, జాబితాలు చూసుకునే పని నాకు అప్పగించారు. కళ్ళజోళ్ళ పని కూడా నా మీద పడింది అందుకే.

మా అధ్యక్షుడికి ఉప్పల్ రోడ్డులో టైల్స్ దుకాణం ఉంది. మంచి మనిషి. ఎండాకాలం చలివేంద్రం పెడితే కుండలు తనే మోస్తాడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, మైకు. ఎక్కడ మైకు కనిపించినా దాని ముందు నిలబడి "రెండే రెండు మాటలు" అని మొదలుపెడతాడు. ఒక వానాకాలం రోడ్డు పక్కన మొక్కలు నాటించాం. నాటడం అయ్యాక ఆయన రెండే రెండు మాటలు చెప్పడానికి లేచాడు. ఆ మాటలు ముగిసేలోగా వెనకాల మేకలు వచ్చి ఏడు మొక్కలు తినిపోయాయి. ప్రసంగం వింటున్న మాకు మేకలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ అధ్యక్షుడు పచ్చదనం గురించి చెబుతుంటే మధ్యలో లేవడం మర్యాద కాదని కూర్చున్నాం.

ఉపాధ్యక్షుడు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఏ మాట చెప్పినా రుజువు అడుగుతాడు. "రేపు వాన వడుతదట సార్" అంటే, "ఎట్ల జెప్తవు?" అంటాడు.

పోయిన చలికాలంలో మేం ఉచిత కంటి పరీక్షల శిబిరం పెట్టాం. డాక్టర్లు వచ్చి ఒక ఆదివారమంతా పరీక్షలు చేశారు. అరవై నాలుగు మందికి అద్దాలు అవసరమని తేలింది. రెండు వారాల్లో అద్దాలు తయారై వచ్చాయి. అందరివీ ఒకే రకం నల్ల ఫ్రేములు. ఒక్కో జోడు ఒక్కో ఖాకీ కవరులో పెట్టి, కవరు మీద మనిషి నంబరు రాసి పంపారు. ఆ కవర్లు ఉన్నవి ఉన్నట్టు పంచేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

అధ్యక్షుడు కవర్లను చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఏందక్కా, గీ కవర్లల్ల ఇస్తె ఏం ఇజ్జత్ ఉంటది? మనమేమన్న పల్లీలు పంచుతున్నమా?"

ఆయన అప్పటికే నీలం రంగు కళ్ళద్దాల డబ్బాలు చేయించి తెచ్చాడు. మూత మీద ఒక పక్క క్లబ్బు గుర్తు, ఇంకో పక్క ఆయన ఫోటో. ఆ ఫోటోలో ఆయనే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం గిర్నీ గదిలో కూర్చున్నాం. కవర్లలోంచి అద్దాలు తీసి డబ్బాల్లోకి మార్చాలి. "మా కంపెనీ పద్ధతిల చేద్దాం" అన్నాను నేను. అధ్యక్షుడి దుకాణం నుంచి కుళాయిలు ప్యాక్ చేసే అట్టపెట్టె ఒకటి తెప్పించాను. దానిలో అడ్డంగా ఎనిమిది గళ్ళు, నిలువుగా ఎనిమిది గళ్ళు. మొత్తం అరవై నాలుగు. మొదటి గడిలో ఒకటో నంబరు అద్దాలు, చివరి గడిలో అరవై నాలుగో నంబరు అద్దాలు, వరుస తప్పకుండా నిలబెట్టాను. పక్క బల్ల మీద డబ్బాలు పేర్చి వాటి మీద కూడా ఒకటి నుంచి అరవై నాలుగు దాకా స్టిక్కర్లు అంటించాను. ఖాళీ కవర్లు ఒక సంచిలో కుక్కి కిందికి పంపేశాను. చెత్తబండి వాటిని తీసుకుపోయింది కూడా. బల్ల శుభ్రంగా ఉండాలన్నది కూడా మా కంపెనీ పద్ధతే.

ఇక డబ్బాల్లో పెట్టడమే మిగిలింది. అప్పుడు అధ్యక్షుడు అందర్నీ ఫోటోకి పిలిచాడు. బల్ల మీదున్న అట్టపెట్టె బ్యానరులో ఆయన పేరుకి అడ్డం వస్తోందన్నాడు. ఎవరో దాన్ని ఎత్తి కుర్చీలో పెట్టారు. ఫోటో అయ్యాక పెట్టె మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. నేను కొంగు సర్దుకుని వచ్చి మొదటి గడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే డబ్బాల్లోకి మార్చాను. అరగంటలో పని పూర్తయింది.

"అక్క చేతిల పని అంటే అక్క చేతిల పనే" అని గిర్నీ యజమాని మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

మర్నాడు నాచారం సర్కారు బడిలో పంపిణీ. ఒక్కొక్కరినీ నంబరుతో పిలిచి డబ్బా చేతికిచ్చి, అద్దాలు పెట్టించి ఫోటో తీశాం. కొందరు పెట్టుకుని సంతోషంగా తల ఊపారు. ఇంకొందరు రెండు చేతులూ చాచి గాలిలో తడుముకున్నారు. "జర తిప్పినట్టు అయితుంది సారూ" అని ఒకాయన అంటే అధ్యక్షుడు మైకులోనే ధైర్యం చెప్పాడు.

"కొత్త చెప్పులు రెండు దినాలు కరుస్తయా లేదా? గివి గుడ గంతే. ఫికర్ జెయ్యకుండ్రి, అలవాటైతది!"

అందరం చప్పట్లు కొట్టాం. ఒక పెద్దాయన వేదిక దిగి నేల మీదికి వచ్చాక కూడా, లేని మెట్టు కోసం కాలు పైకెత్తి ధడాలున వేశాడు. ఆయన సంతోషం పట్టలేక చిందేశాడని నేను బులెటిన్‌లో రాసుకున్నాను.

బుధవారం సాయంత్రం డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపాడు. జనగామ దిక్కు నుంచి వచ్చి మా దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. మా శిబిరంలో అతనిది అరవై రెండో నంబరు. కొత్త అద్దాలు పెట్టుకుని దర్జాగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరు గావాలె మేడం? ఏ ఫ్లాట్‌కు వోవాలె?" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. "నేనే" అన్నాను.

"నేనే అంటె ఎట్ల? గీడ పేరు రాసి సంతకం వెట్టుండ్రి."

తొమ్మిదేళ్ళలో అతను నాకు కూరగాయల సంచి మోసిపెట్టని రోజు లేదు. నా గొంతు కూడా గుర్తుపట్టలేదే అని దగ్గరికి వెళ్ళాను. మొహం దాదాపు మొహానికి తగిలేంత దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యో, మన మేడమేనా! మాఫ్ జెయ్యుండ్రి. గీ అద్దాలు వెట్టుకున్న సంది రిజిస్టర్‌ల అచ్చరాలు మస్తు పెద్దగ కనవడుతున్నయి. మనుషులే కనవడుతలేరు. పొద్దున మన అపార్ట్‌మెంట్ సెక్రెటరీ సారును గుడ ఆపిన. ఆయన ఇంకా గరమ్ మీదున్నడు."

"మరి తీసెయ్యకపోయావా?"

"మీరిచ్చిన్రు గదా మేడం. తీసేస్తె మీరు నారాజైతరని..."

ఆ మాటకి నాకు నవ్వు వచ్చింది, దానితోపాటు అనుమానం కూడా. అతనికి దూరపు చూపు సరిగా లేదని అద్దాలు రాశారు. అతని దగ్గర ఉన్నవి దగ్గరి చూపు అద్దాలు.

మరుసటి రోజు ఉప్పల్‌లో పని పడింది. మెట్రో స్టేషన్ మెట్ల పక్కన పూలమ్మే ఆమె కూడా మా శిబిరానికి వచ్చిందే, మూడో నంబరు. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందని పరీక్ష చేయించుకుంది. నన్ను చూడగానే చెయ్యి ఊపి పిలిచింది. రోడ్డుకి అవతలి వైపు నుంచే గుర్తుపట్టింది.

"ఎట్లున్నయమ్మా అద్దాలు?" అన్నాను.

"ఏం జెప్పాలె మేడం! పైన మెట్రోల కూసున్నోళ్ళు గుడ కనవడుతున్నరు. ఎవ్వరు నిద్రవోతున్నరో, ఎవ్వరు ఫోన్ సూస్తున్నరో అంత సాఫ్ కనవడుతుంది. గని చేతిలున్న సూది కనవడుతలేదు. పొద్దున సంది మూడుమార్లు ఏలికి గుచ్చుకున్న."

ఆమె వేలికి మల్లెపూల దారమే కట్టు కట్టుకుని ఉంది. వాచ్‌మన్‌కి రావలసినవి ఈమె దగ్గరికి వచ్చాయేమో అనిపించింది. ఆమె అద్దాలు అడిగి తీసుకున్నాను. ఇంటికి వెళ్ళి వాచ్‌మన్‌కి పెట్టించాను. అతను రోడ్డు చివరిదాకా చూశాడు. "మేడం, ఆ మూలకున్న దుకాణం బోర్డు గుడ సదువుత!" అని చదివి వినిపించాడు. అతనివి మళ్ళీ ఉప్పల్ తీసుకెళ్ళి పూలామెకి ఇచ్చాను. ఆమె ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించి, నా తలలో పెట్టుకోమని మూర పూలు తెంచి ఇచ్చింది. ఆ పూలు పెట్టుకుని నడుస్తుంటే నాకు చాలా సిగ్గు వేసింది.

ఇద్దరివే మారాయేమో, మిగతావన్నీ సరిగానే ఉన్నాయేమో అని ఒక్క రోజు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. శుక్రవారం పొద్దున కంపెనీకి వెళ్తూ ఇడ్లీ బండి దగ్గర ఆగాను. బండి నడిపే మొగుడూ పెళ్ళాలిద్దరూ మా శిబిరంలో వరుసగా నిలబడ్డవాళ్ళే. ఆయనది ముప్పై రెండో నంబరు, ఆమెది ముప్పై మూడు.

"మీకు మంచిగున్నయా అద్దాలు?" అని భయంభయంగా అడిగాను.

"ఇప్పుడు మంచిగున్నయి మేడం" అన్నాడు ఆయన. "ఆ దినం ఇంటికి వోంగనే నాయి ఆమెకు, ఆమెయి నాకు మార్సుకున్నం. మీకెందుకు జెప్పుడని జెప్పలే."

ఆమె చట్నీ వేస్తూ అంది, "తప్పులు ఎవ్వరు జెయ్యరు మేడం? ఇంకో రెండు తినుండ్రి."

ఉన్న ఇడ్లీలు కూడా ప్లేటులోనే వదిలేసి బయల్దేరాను. ఆ రోజు కంపెనీలో ఒక్కో లేబుల్‌నీ మూడేసి సార్లు చూశాను. నా కింద పనిచేసే అమ్మాయిలు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. బాగాలేకపోవడం నిజమే. మిగతా అరవై మంది పేద మనుషులు, కొత్త అద్దాలు వచ్చాయన్న సంబరంతో, మేం నొచ్చుకుంటామన్న మొహమాటంతో, గోడలకి గుద్దుకుంటూ తిరుగుతున్నారన్న ఆలోచన నన్ను వదలలేదు.

సాయంత్రమే మీటింగు పెట్టమన్నాను. గిర్నీలో ఆ పూట పసుపు పడుతున్నారు. నేను లేచి నిలబడి జరిగినదంతా చెప్పాను. ఎలా జరిగిందో తెలియదనీ, స్టిక్కర్లు నేనే సరిచూశాననీ, అయినా బాధ్యత నాదేననీ చెప్పాను. గొంతు వణికింది. అది గిర్నీ వల్లేనని అందరూ అనుకుంటే బాగుండునని అనిపించింది.

అధ్యక్షుడు నెత్తి పట్టుకున్నాడు. "అన్ని గ్రూపులల్ల ఫోటోలు వెట్టిన గదక్కా! ఇగ ఇజ్జత్ వోయినట్టే."

మాస్టారు మాత్రం తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళాడు. "నంబర్లు జెప్పమ్మా" అన్నాడు.

"మూడు, అరవై రెండు. ముప్పై రెండు, ముప్పై మూడు."

ఆయన రాశాడు, కూడాడు. రెండు చోట్లా అరవై ఐదు వచ్చింది. ఆయన కళ్ళు మెరిశాయి. "పదో నంబరు ఎవరు?" అన్నాడు. అధ్యక్షుడి దుకాణంలో టైల్స్ దించే హమాలీ. "అయితె ఆయన అద్దాలు యాభై ఐదో నంబరు మనిషి కాడ ఉండాలె." యాభై ఐదు పాలకేంద్రం నడిపే ఆవిడ. ఇద్దరికీ ఫోన్ చేసి పిలిపించాం. అద్దాలు మార్చాం. ఇద్దరూ బోర్డు మీది అంకెలు గడగడా చదివారు.

మాస్టారి ఆనందం చూడాలి. రిటైరైన ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక నిజమైన లెక్క దొరికింది ఆయనకి. పెన్ను తీసి ఎనిమిది గళ్ళ పెట్టె బొమ్మ గీశాడు.

"ఇగ సూడుండ్రి. అమ్మ వరుస తప్పలే. స్టిక్కర్లు తప్పలే. పెట్టె అటుదిటు తిరిగింది. ఒకటో గడి పొయ్యి ఆఖరి గడి అయింది, ఆఖరిది ఒకటోది అయింది. అందుకే రెండు నంబర్లు కూడితె అరవై ఐదు వస్తున్నయి. రుజువైంది గదా? అంటే ఫోటో దిగినప్పుడు పెట్టె ఎత్తినోడు ఎవడో, మళ్ళ వెట్టేటప్పుడు సోయి లేకుంట తిప్పి..."

అక్కడ ఆగిపోయాడు. పెన్ను మూత పెట్టాడు. మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరు సార్ ఎత్తింది?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనే" అన్నాడు మాస్టారు.

నేను వెంటనే, "కవర్లు పారేసింది నేను సార్, కవర్లతోనే డబ్బాల్లో పెట్టి ఉంటే ఈ తప్పే జరిగేది కాదు" అన్నాను. ఆయన, "కాదమ్మా, రుజువు నా మీదనే ఉన్నది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. ఇద్దరం తప్పు కోసం కొట్లాడుకుంటుంటే అధ్యక్షుడు లేచాడు.

"ఆగుండ్రి ఇద్దరు. డబ్బాలు తెచ్చిందెవరు? నేను. ఫోటోకు పిలిచిందెవరు? నేను. పేరు కనవడుతలేదని పెట్టె తీయించిందెవరు? నేనే. ఇగ ఏం జెయ్యాలెనో జెప్పుండ్రి."

ఆ మాటతో ఆయన మీద నాకున్న గౌరవం రెట్టింపయింది. మరునిమిషంలో సగం తగ్గింది కూడా. ఎందుకంటే ఆయన వెంటనే, "దీనికి కంటి వెలుగుల పండుగ రెండో విడత అని పేరు వెడదాం. తప్పని ఎవ్వరికి జెప్పొద్దు" అన్నాడు. నేను కుదరదన్నాను. ఉన్నదున్నట్టు చెప్పి పిలవాలి, లేకపోతే బులెటిన్‌లో నేనే రాస్తానన్నాను. మాస్టారు నా పక్కన నిలబడ్డాడు. అధ్యక్షుడు కొంచెంసేపు బ్యానరు వంక చూసి, "సరే తియ్యి" అన్నాడు.

మరునాడు ఆటోకి మైకు కట్టించుకుని నాచారం గల్లీలన్నీ ఆయనే తిరిగాడు. నేనూ ఆటోలో ఉన్నాను. ప్రతి మలుపులోనూ ఒకే మాట చెప్పాడు.

"మేం ఇచ్చిన అద్దాలు తారుమారైనయి. తప్పు మాదే. రేపు పొద్దున బడికాడికి వచ్చి మీ అద్దాలు మీరు తీస్కపోండ్రి."

అంతే. ఆయన ప్రసంగాల్లో అంత చిన్నది నేను మళ్ళీ వినలేదు. కిటికీల్లోంచి జనం నవ్వారు. ఒకావిడ బాల్కనీలోంచి, "గందుకే నేను పప్పుల చక్కెర ఏసిన" అని అరిచింది. అధ్యక్షుడు మైకులోనే, "మాఫ్ జెయ్యమ్మా" అన్నాడు.

ఆదివారం బడి వరండాలో రెండు వరుసలు కుర్చీలు వేశాం. ఒక వరుసలో ఒకటి నుంచి ముప్పై రెండు దాకా. వాళ్ళకి ఎదురుగా అరవై నాలుగు నుంచి ముప్పై మూడు దాకా, వెనక నుంచి ముందుకి. ఎవరి అద్దాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళు సరిగ్గా ముఖాముఖి కూర్చునేలా మాస్టారు ఏర్పాటు చేశాడు. చూస్తే ఒకేసారి ముప్పై రెండు పెళ్ళిచూపులు జరుగుతున్నట్టుంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు. "నాయి నువ్వు వెట్టుకున్నవా? గందుకే ఆటోల నిద్రవోతె ఎవలదో ఊరు కలల వచ్చింది" అని ఒక పెద్దాయన ఎదుటివాడితో అన్నాడు. ఇడ్లీ బండి దంపతులు పని లేకపోయినా వచ్చి, బండెడు ఇడ్లీలు అందరికీ పంచారు.

మార్చుకోవడం చకచకా జరిగింది. పదిహేడో నంబరు దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆమె ఎనభై దాటిన అవ్వ. ఎదురుగా నలభై ఎనిమిదో నంబరు, రిటైరైన బస్సు కండక్టరు.

"నాకు మంచిగనే కనవడుతున్నయి బిడ్డా, నేనియ్య" అంది అవ్వ, అద్దాలని రెండు చేతులతో పట్టుకుని.

"నాకు గుడ మంచిగనే కనవడుతుంది సార్" అన్నాడు కండక్టరు.

మాస్టారికి చిరాకు వచ్చింది. "లెక్క ప్రకారం మీకు కనవడొద్దు" అన్నాడు.

"కనవడుతుంటె నేనేం జెయ్యాలె సార్?"

"అవ్వా, నువ్వు అలవాటు వడ్డవు గని, అవి నీయి కావు."

"ఓ పంతులూ, నీ అంగీ గుండీ ఒకటి ఊడింది, కింది నుంచి రెండోది. నాకు కనవడుతుంది. నీకు కనవడిందా?"

మాస్టారు చొక్కా చూసుకున్నాడు. గుండీ లేదు. నేను వెళ్ళి డాక్టర్లు రాసిన కాగితాలు వెతికాను. పదిహేడు, నలభై ఎనిమిది, ఇద్దరివీ ఒకే పవరు. అక్షరం తేడా లేదు. ఎటు మార్చినా ఒకటే.

"ఆగో, ఎప్పటిసంది మొత్తుకుంటున్న, ఒక్కలన్న ఇన్నరా!" అంది అవ్వ. కండక్టరు లేచి ఆమెకి టీ తెచ్చిచ్చాడు.

చివరి చిక్కు ఇరవై తొమ్మిది, ముప్పై ఆరుల దగ్గర వచ్చింది. ఇరవై తొమ్మిది ఒక పంక్చర్ షాపు ఆయన. ముప్పై ఆరు చికెన్ సెంటర్ ఆయన. ఇద్దరి దుకాణాలూ ఒకే గల్లీలో ఎదురెదురుగా ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి కుర్చీల్లో చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు.

"ఇగ మార్సుకోండ్రి" అన్నాడు మాస్టారు.

"ఆయనయి నాకొద్దు" అన్నాడు పంక్చర్ షాపు ఆయన.

"ఆయనయి కావు, నీయే ఆయన కాడ ఉన్నయి."

"ఉంటె ఉండనియ్యి. వాట్సప్‌ల వంపుమనుండ్రి. ఆయనకు గదే గదా అలవాటు."

చికెన్ సెంటర్ ఆయన పైకప్పు వంక చూస్తూ, "అడిగితె ఇస్త. అడగనోనికి నేనెందుకియ్యాలె?" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. పక్కనున్న పూలామె నా చెవిలో చెప్పింది. వాళ్ళు బావా బామ్మర్దులు. పంక్చర్ షాపు ఆయన బావ. నాలుగేళ్ళ కింద బామ్మర్ది తన బిడ్డ ఫంక్షన్‌కి, బావ ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవకుండా ఫోనులో కార్డు పంపాడు. ఆ కార్డు బావకి తెరుచుకోను కూడా లేదట. ఆ రోజు నుంచి మాటల్లేవు.

మాస్టారు బతిమాలాడు. అధ్యక్షుడు బతిమాలాడు. ఇద్దరూ కదలలేదు. వారం రోజులుగా ఒకరి అద్దాలు ఒకరు పెట్టుకుని, ఎదురెదురు దుకాణాల్లో కూర్చుని, ఒకరికొకరు మసగ్గా కనిపిస్తూ గడిపారు. ఆ మసకే వాళ్ళకి నచ్చినట్టుంది.

అప్పుడు వెనక బెంచీ మీద నుంచి ఒకావిడ లేచి వచ్చింది. బావకి భార్య, బామ్మర్దికి అక్క. ఎవర్నీ అడగలేదు. మొగుడి మొహం మీది అద్దాలు ఒక చేత్తో, తమ్ముడి మొహం మీదివి ఇంకో చేత్తో లాగేసింది.

"నాలుగేండ్ల సంది ఆ దుకాణం నుంచి ఈ దుకాణానికి మీ ముచ్చట్లు మోసి మోసి నా కాళ్ళు గుంజుతున్నయి. ఇగ నాతోని కాదు" అని ఎవరివి వాళ్ళ మొహానికి తగిలించి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

బావ తలెత్తాడు. ఎదురుగా బామ్మర్ది. చాలాసేపు చూశాడు.

"ఏందిరా, నెత్తి గింత తెల్లగైంది?" అన్నాడు.

"నీ లెక్క రంగేస్తలేను బావా" అన్నాడు బామ్మర్ది.

వరండా అంతా గొల్లుమంది. బావ నవ్వలేదు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"బక్కగైనవు. షుగరా?"

"రెండేండ్లాయె."

"నాకెవ్వరు జెప్పలే."

"నువ్వు అడగలే."

ఆవిడ గబుక్కున మొహం అటు తిప్పుకుంది. నేను కూడా చేతిలోని జాబితాలోకి చూశాను. అందులో చూడటానికి ఏమీ మిగల్లేదు, అన్ని నంబర్లకీ టిక్కులు పడ్డాయి. బావ లేచి, కుర్చీ వెనక్కి జరిపి, "నడువ్, చాయ్ తాగుదాం. చక్కెర లేకుంటనే" అన్నాడు. ఇద్దరూ గేటు దాటేదాకా అందరం చూస్తూ ఉండిపోయాం. అధ్యక్షుడి చేతిలో మైకు ఉన్నా ఆయన కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాతి నెల బావా బామ్మర్దులిద్దరూ మా క్లబ్బులో సభ్యులుగా చేరారు. వాళ్ళు వచ్చాక మా మీటింగులు గంట ఎక్కువ సాగుతున్నాయి. ఏ శిబిరం పెడదామని బావ ప్రతిపాదించినా బామ్మర్ది లేచి కాదంటాడు. బామ్మర్ది ఏది చెప్పినా బావ రుజువు అడుగుతాడు. మాస్టారికి బావంటే మహా ఇష్టం. అంతా అయ్యాక ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళిపోతారు. బండి ఎవరు నడపాలన్న దాని మీద కింద గిర్నీ ముందు ఇంకో పది నిమిషాలు వాదించుకుంటారు.